పదిహేను పైసల తిట్లు

మంగళవారం, ఆశ్వయుజ బహుళ విదియ. పాలు తోడుపెట్టాను. మిరపతోటలో కలుపు తీసే తొమ్మిది మందికి అన్నం వండి పంపాను. మినుములు ఎండబోశాను. పప్పుకు పోపు వేస్తుండగా మా వారు వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, "టీచరమ్మ పోయింది" అన్నారు.

"ఏ ఊరికి?" అని అడిగాను.

ఆయన గుమ్మంలోనే కూలబడ్డారు. పోపు మాడిపోయింది.

మా ఇంటి వెనుక వాటాలో కిరాయికి ఉన్న అంగన్‌వాడీ టీచరమ్మ ఆమె. పినపాక దగ్గరి అడవి పల్లె మనిషి. మొన్న పొద్దున గోడ మీదుగా కరివేపాకు అందిస్తూ "ఒళ్లు జర వెచ్చగున్నది వదినా" అంది. సాయంత్రానికి మాట పడిపోయింది. భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లారు. మలేరియా తలకెక్కిందట. నలభై ఏళ్లు కూడా లేవు. ఇది రాస్తున్నా నాకు నమ్మకం కుదరడం లేదు.

ఈ పత్రిక పాఠకులకు ఆమె కొత్త కాదు. కొన్నేళ్ల కిందట ఇదే పేజీలో మా ఇద్దరి పేర్లతో, ఊరి పేరుతో సహా ఒక ఉత్తరం అచ్చయింది. తిన్న కంచం మగవాళ్లు తామే కడుక్కుంటే తప్పేమిటి అని అడిగాం, అంతే. మాట ఆమెది, రాత నాది. ఆ తరువాత మమ్మల్ని తిడుతూ పోస్టు కార్డులు రాసినవాళ్లు మీలోనే ఉన్నారు. పేరు మాత్రం ఎవరూ రాయలేదు.

కార్డంటే కవరు కాదు. పోస్టుమాన్ చదువుతాడు, కిరాణా కొట్టు అరుగు మీదివాళ్లు చదువుతారు, ఆఖరున మన చేతికి వస్తుంది. మొదటి కార్డు చదివి నేను గుమ్మం దాటడం మానేశాను. "మన ఇంటిపేరు బజారున పడేశావు కదే!" అని మా అత్తగారు అన్నం మానేశారు. వేంసూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కున్న కుటుంబం మాది. పరువే మా పెట్టుబడి.

టీచరమ్మ మాత్రం చేటలో బియ్యం పోసుకుని, రాళ్లు ఏరుతూ ఆ కార్డుల్ని పాఠంలా పైకి చదివేది.

"పదిహేను పైసలు ఖర్చుపెట్టి తిట్టిండు వదినా! మా దిక్కు పుక్కటికే తిడతరు."

"నీకు ఏడుపు రాదా?"

"కూలికి పోయిన కాడ గట్టు మీద నిలబడి గివ్వే మాటలు మొఖం మీద్నే అనెటోళ్లు. మొఖమే లేనోడంటే నాకేం తగుల్తది?"

ఒక రోజు ఆమె పేరున ఒక మర్యాదైన కార్డు వచ్చింది. 'టీచరు గారికి నమస్కారములు' అని గుండ్రటి అక్షరాలు. ప్రభుత్వ సొమ్ము తింటూ పత్రికలకు రాయడానికి పై అధికారి అనుమతి ఉన్నదా, వారికీ ఒక కార్డు వేస్తున్నాను, అని. ఒక్క బూతు మాట లేదు. ఇన్నాళ్లకు ఒక పెద్దమనిషి రాశాడని సంతోషంగా నేనే ఆమె చేతికిచ్చాను.

ఆమె చదివి చేటను పక్కకు నెట్టింది. కార్డును మళ్లీ మొదటి నుంచి చదివింది.

"తిట్టంటే గిది వదినా" అంది. "నీకు పరువు పోతదని భయం. నాకు బువ్వ పోతది."

పల్లెలో తల్లి, హాస్టల్లో చదివే చెల్లెలు ఆ కొద్దిపాటి జీతం మీదే ఉన్నారు. అన్ని బూతులకు నవ్విన మనిషి ఆ నమస్కారానికి బెదిరిపోవడం చూసి నేను కొయ్యబారిపోయాను.

ఆమెకు పై ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. నేనూ బస్సెక్కాను. ఆఫీసరమ్మ ముందు నిలబడి, "అది నేను రాసిందేనండి. ఈమె పేరు నేనే చేర్చాను, ఆమెకేం తెలియదు" అన్నాను. దారి పొడుగునా అదే వల్లెవేసుకున్నాను.

"లేదు మేడం," అంది టీచరమ్మ. "రాత ఆమెది. మాట నాది."

ఆఫీసరమ్మ మా ఇద్దరినీ చూసి, "మా ఇంట్లో కంచాలన్నీ నేనే కడుగుతాను" అన్నది. "ఇకముందు రాస్తే నాకు చెప్పి రాయండి. పోండి, పిల్లలు ఎదురుచూస్తుంటారు" అని ఫైలు మూసింది.

తిరుగు బస్సులో కోపం ఆపుకోలేక అడిగాను. "నీకేమైనా పిచ్చా? ఉద్యోగం పోతే?"

"ఉన్నదే ఒక్క మాట వదినా. అది గూడ నీకిచ్చేస్తే ఇగ నాకేం మిగుల్తది?" అంది. కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

ఈ రోజు సాయంత్రం భద్రాచలం నుంచి జీపు వచ్చి మా ఇంటి ముందు ఆగింది. లోపల ఆమె. పక్కన చెల్లెలు. సామాను సర్దుకునేందుకు దిగి, ఏడుస్తూనే అడిగింది. "మా అక్క బాకీ ఏమన్న ఉన్నదా?"

రెండు నెలల కిరాయి ఉంది. నేను నోరు తెరిచేలోపే అరుగు మీది నుంచి మా అత్తగారు అన్నారు: "ఏమీ లేదు తల్లీ. అంతా ముట్టింది."

జీపు పినపాక దారి పట్టింది. గుంతల్లో చక్రం దిగినప్పుడల్లా ఆ పిల్ల అక్క తలను కదలకుండా రెండు చేతులా పొదివి పట్టుకోవడం మలుపు తిరిగేదాకా కనిపించింది.

వెనుక వాటా కిరాయి, రెండు నెలలది: చెల్లు.