రెండో వైపు ఎర్తింగ్

నా పదవీ విరమణకు రెండేళ్లు ఉండగా, ఒక వానాకాలం మొదట్లో, కామారెడ్డిలో కొత్త జూనియర్ లైన్‌మన్ల శిక్షణ బాధ్యత నాకు అప్పగించారు. అప్పటికి నేను విద్యుత్ పంపిణీ సంస్థలో ఏడీఈని, అంటే అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరును. శిక్షణ మొదటి భాగం కామారెడ్డిలో, తీగలు లేని స్తంభాల మీద. ఎక్కడం, దిగడం, నడుముకు బెల్టు బిగించుకుని రెండు చేతులూ వదిలి పని చేయడం అక్కడ నేర్పేవాళ్లం. ఆ తర్వాత ఎల్లారెడ్డిలో పాత సిబ్బంది వెంట అసలు లైన్ల మీద పని. చివర నేను సంతకం పెడితేనే పోస్టింగు.

ఆ బ్యాచ్‌లో ఉన్న ఒకే ఒక్క మహిళ గంగామణి. ఆమె భర్త సాయిలు మా లైన్‌మనే. అంతకు ముందు ఏడాది తాడ్వాయి వైపు ఒక ఊళ్లో స్తంభం మీదే చనిపోయాడు. ఆ రోజు లైన్ క్లియర్ తీసుకునే ఎక్కాడు. లైన్ క్లియర్ అంటే సరఫరా ఆపేశామని సబ్‌స్టేషన్ ఆపరేటరు ఇచ్చే అనుమతి. అది చేతికొచ్చినా, పని చేసే చోటుకు రెండు వైపులా తీగలకు ఎర్తింగ్ రాడ్లు తగిలించి భూమికి కలపాలన్నది నిబంధన. సబ్‌స్టేషన్ వైపు తగిలించారు, ఊరి వైపు వదిలేశారు. ఊళ్లో ఎవరో పెళ్లికి జనరేటర్ నడిపారు. దాన్ని మా లైను నుంచి విడదీయకపోవడంతో ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ మీదుగా వెనక్కి తీగల్లోకి ఎక్కింది. మా వాళ్లు దీన్ని రిటర్న్ సప్లై అంటారు.

కారుణ్య నియామకం కింద గంగామణికి ఆఫీసులో అటెండరు ఉద్యోగం ఇస్తామన్నారు. ఆమె పెళ్లికి ముందే ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు పూర్తి చేసింది. లైను పనే కావాలని పట్టుబట్టి తెచ్చుకుంది. ఎందుకని ఒకసారి అడిగాను.

"ఆఫీసుల చాయలు అందియ్యమంటరు సార్. నేను సదువుకున్న పని ఇది. ఆయన పోయిండని పని చెడ్డదైతదా?" అంది.

శిక్షణలో నాకు సాయంగా ఉన్నది లైన్ ఇన్‌స్పెక్టర్ పోశెట్టి. స్తంభాల మీదే జుట్టు నెరిసిన మనిషి. సాయిలు చనిపోయిన రోజు కింద నిలబడి ఉన్నది ఆయనే. గంగామణి ఆయన్ని మామా అని పిలిచేది. ఆమె స్తంభం ఎక్కుతుంటే ఆయన తల ఎత్తి చూసేవాడు కాదు, తాడు సర్దుతున్నట్టు వంగి ఉండేవాడు.

కామారెడ్డి భాగం ముగిసిన రోజు నా గదికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, ఆమెను ఫెయిల్ చేయుండ్రి."

"ఎక్కడం రావట్లేదా?"

"మంచిగనే ఎక్కుతది. గందుకే చెప్తున్న. ఫెయిలైతే ఆఫీసుల కూసోవెడ్తరు, పిల్లలకు తల్లన్న మిగుల్తది. సాయిలును దించింది నేను సార్. ఇంకోపారి నాతోని కాదు."

బాగా చేస్తున్న మనిషిని చేయలేదని రాయడం నా వల్ల కాదు. కానీ ఆయన భయం తప్పని కూడా అనలేకపోయాను. ఎల్లారెడ్డి పని చూసి చెబుతానన్నాను.

ఎల్లారెడ్డి వెళ్లిన కొద్ది రోజులకు గాలిదుమారం వచ్చి పలుచోట్ల లైన్లు దెబ్బతిన్నాయి. ఒక ఊరి బయట స్తంభం మీద ఇన్సులేటర్, అంటే తీగను స్తంభానికి తగలకుండా పట్టి ఉంచే పింగాణీ దిమ్మె, పగిలింది. బోర్లు ఆగిపోయాయి, నారుమళ్లు ఎండుతున్నాయి. మేం వెళ్లేసరికి రైతులు స్తంభం చుట్టూ గుమిగూడి ఉన్నారు. పోశెట్టి ఫోన్‌లో లైన్ క్లియర్ తీసుకున్నాడు. సబ్‌స్టేషన్ వైపు ఎర్తింగ్ తగిలించాక చూస్తే బండిలో రెండో సెట్టు లేదు. వేరే చోట పని చేస్తున్న మా సిబ్బంది పట్టుకెళ్లారు.

ఆ రోజు ఎక్కవలసిన వంతు గంగామణిది.

"కరెంటు బందు చేసిండ్రు గదా, ఇంకేంది? ఎక్కుండ్రి," అని ఒక రైతు అరిచాడు. మిగతావాళ్లు గొంతు కలిపారు. పోశెట్టి ఆమె చేతిలోని బెల్టు తీసుకుని తన నడుముకు కట్టుకున్నాడు. ఆమెను ఎక్కించకుండా ఉండటానికి ఆయనకు తోచిన దారి అదొక్కటే. నేను నోరు తెరిచేలోపే స్తంభం మీద చేయి వేశాడు.

గంగామణి వెనక నుంచి బెల్టు పట్టుకుంది.

"దిగు మామా."

"చిన్న పని బిడ్డా. గిప్పుడే వస్త."

"ఆయన గూడ గట్లనే అన్నడు గద? ఊరి దిక్కు రాడ్డు కట్టంది నేనెక్క, నిన్ను ఎక్కనియ్య. నీకేమన్నయితే ఇంటికాడ అత్తకు నేనేం చెప్పాలె?"

పోశెట్టి ఆ బెల్టును విడిపించుకోలేదు. స్తంభానికి నుదురు ఆనించాడు, తర్వాత బెల్టు విప్పాడు. నేను పని ఆపించి, సెట్టు తెమ్మని ఎల్లారెడ్డికి జీపు పంపాను. రైతులు మమ్మల్ని అనరాని మాటలన్నారు. ఒకాయన గంగామణి ముఖం మీదే, ఆడమనిషిని లైను మీదికి తెస్తే ఇట్లనే ఉంటుందన్నాడు. ఆమె బెల్టు కొక్కేలు ఒక్కొక్కటే లాగి సరిచూసుకుంది.

జీపు వచ్చింది. ఊరి వైపు తీగలకు రాడ్డు తగిలించాం. చిన్న నిప్పురవ్వ కూడా రాలలేదు. లైనులో కరెంటు లేదు. పోశెట్టి మొదటే ఎక్కి ఉన్నా ఏమీ అయ్యేది కాదు. "చూసిండ్రా, ఏం లేదు. ఉత్తగనే ఆపిండ్రు," అన్నాడు ముందు అరిచిన రైతు. ఆయన మాట నిజమే.

గంగామణి ఎక్కి ఇన్సులేటర్ మార్చి దిగింది. ఆ సాయంత్రమే ఆమె పోస్టింగుకు సంతకం పెట్టాను. పోశెట్టికి చెబితే తల ఊపాడు, సంతోషించలేదు. ఆమెను తన సెక్షన్‌కే వేయమని మాత్రం అడిగాడు. అలాగే వేయించాను.

ఆ తర్వాత నా చేతికొచ్చిన బ్యాచ్‌లకు చివరి పరీక్ష మార్చాను. శిక్షణ స్తంభానికి కరెంటు లేని తీగలు కట్టించి, ఒక వైపే ఎర్తింగ్ పెట్టి, వాళ్లను అక్కడికి తీసుకెళ్లేవాళ్లం. చుట్టూ సిబ్బందిని నిలబెట్టి, తొందరగా ఎక్కమని అరిపించేవాళ్లం, నేనూ గద్దించేవాణ్ని. ఎక్కినవాళ్లను మళ్లీ మొదటి రోజు పాఠానికి పంపేవాణ్ని. మొదటిసారి ఆ పరీక్ష పెట్టినప్పుడు సగానికి పైగా ఎక్కేశారు. నిబంధన వాళ్లందరికీ నోటికి వచ్చు. పై అధికారి గద్దిస్తుండగా ఎక్కనని చెప్పడం ఎవరూ నేర్పలేదు. అది కూడా విడిగా నేర్పి, సాధన చేయించవలసిన పనే.