ఆమెకు గిట్టని ‘అంట’

మా ఆవిడ పోయి నెల దాటింది. ఆ వార్త చాలామందికి ఫోన్లలోనే చేరింది. చేరిన ప్రతిచోటా దాని చివర ఒక ‘అంట’ తగులుకుంది. డెంగ్యూ అంట. గుండె అంట. టీకా అంట. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె రాజోలులో ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ టీచరు. ‘అంట’ అనే మాట వింటే మొహం చిట్లించేది.

“చూస్తే చూసేనని చెప్పు. వింటే ఎవరు చెప్పేరో చెప్పు. ఊరికే అంట, అంట ఏవిటమ్మా?”

పిల్లలు ఊరుకుంటారా? “టీచరుగారండీ, రేపు సెలవంటండీ!” అని కావాలనే అనేవారు. కోప్పడబోయి తనే నవ్వేసేది. ఇంట్లో నాకూ మినహాయింపు లేదు. సాయంత్రం వానట అంటే, “మీకు ఫోన్ చేసి చెప్పిందాండీ?” అనేది.

చావింటికి వెళ్తే ఏదో ఒక పని అందుకుని, చేసి వచ్చేసేది. “ఎలా పోయేరని అడిగేవాళ్ళకి కాఫీ కూడా ఇవ్వకూడదండీ” అనేది. ఈ నెలలో నేను చాలామందికి ఇచ్చాను.

కరోనా టీకా ఇద్దరం కలిసే వేయించుకున్నాం. వారం దాటాక ఆమెకు తలనొప్పి మొదలైంది. మాత్రలకు లొంగలేదు. చేతుల మీద ఎర్రటి మచ్చలు వచ్చాయి. ప్లేట్‌లెట్లు పడిపోయాయని రక్తపరీక్షలో తేలింది. మా వైపు ఆ మాట వినబడితే డెంగ్యూ తప్ప ఇంకోటి ఎవరికీ తోచదు. నాకూ తోచలేదు. పక్కింటి పిన్నిగారు బొప్పాయి ఆకులు నూరి రసం తెచ్చారు.

“తాగెయ్యమ్మా. తెల్లారేసరికి లక్ష పెరుగుతాయంట.”

మా ఆవిడ ఆ చేదంతా మింగి నావైపు చూసింది. “అంట!” అంది. ఆమె వేసిన చివరి జోకు అదే.

కాకినాడలో ఆసుపత్రికి చేరేసరికి మాట తడబడుతోంది. మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టిందన్నారు. ఒక కుర్ర డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి నెమ్మదిగా చెప్పింది. ఆ టీకాలో మందును మోసుకెళ్ళడానికి బలం తీసేసిన జలుబు వైరస్‌ను వాడతారు. అది పడ్డాక, చాలా అరుదుగా, ఒంట్లో పుట్టిన యాంటీబాడీలు సొంత ప్లేట్‌లెట్లనే పట్టుకుంటాయి. అవి తగ్గుతూనే ఉంటాయి, రక్తం మాత్రం గడ్డకడుతూ పోతుంది.

డాక్టరమ్మ మాట పూర్తికాకుండానే పెద్ద డాక్టరు వచ్చాడు. “ఆ సంగతి బయట అనకండి సార్. జనం భయపడతారు.” లోపల నా భార్య ఎలా ఉందో ఆయన చెప్పలేదు. టీకా సంగతి ఎత్తడానికి అంత పెద్దమనిషి గొంతు తగ్గించాడు. అసహ్యం వేసింది.

అంతకంటే అసహ్యం పెద్దకర్మ నాడు వేసింది. భోజనాల దగ్గర, ఆమెకు తమ్ముడి వరసయ్యే అతను ఫోను చూపించాడు. జెండా పండగనాటి ఆమె ఫోటో. కింద, ‘టీకా వేయించుకుంటే ఇదే గతి’.

“అన్ని గ్రూపుల్లోనూ పెట్టేనండి బావగారూ. అక్క పేరు చెప్పుకుని నలుగురు బతుకుతారు.”

“మీ అక్క ఇలా అందా?”

“అంటే... అనలేదనుకోండి.”

“తీసెయ్.”

“ఇంకెక్కడండీ, ఊరూరా తిరుగుతోంది” అంటూ గారె తుంచుకున్నాడు. అదే వేలితో ఫోటో పెద్దది చేశాడు. నూనె ఆమె మొహం మీద పూసుకుంది. నేను విస్తరి ముందు నుంచి లేచిపోయాను.

కాబట్టి నేనే చెబుతున్నాను. టీకా తర్వాత అరుదుగా వచ్చే రక్తవ్యాధితో ఆమె చనిపోయింది. నేను చూశాను. అదే టీకా వేయించుకుని నేను బతికున్నాను, పిన్నిగారూ బతికున్నారు. అదీ చూస్తున్నాను. టీకా తర్వాత తలనొప్పి వదలకపోయినా, ఒంటి మీద మచ్చలు కనబడినా ఆసుపత్రికి పరిగెత్తండి. టీకా సంగతి ముందే చెప్పండి.

మొన్న రెండో డోసుకు ఒక్కణ్ణే వెళ్ళాను. నర్సు సూది తీసి, దూది పెట్టి, “నొక్కి పట్టుకోండి బాబుగారూ” అంది. బల్ల మీద చాలాసేపు నొక్కిపట్టుకుని కూర్చున్నాను. తర్వాత దూది తీసి చూశాను. ఆవగింజంత రక్తం. ఎక్కడ గడ్డకట్టాలో అక్కడే కట్టి, ఆగిపోయి ఉంది.