కొంగు అడ్డం పెట్టుకున్నావిడ

నరసాపురం నుంచి రాజమండ్రి వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నావిడకి కుదురు లేదు. ఫోన్ తీసి చూసేది, పెట్టేసేది. నేను అటు తిరిగినప్పుడల్లా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేది. పాలకొల్లు దాటేసరికి నాకు చిరాకొచ్చింది.

"నాకేం రోగం లేదండి" అన్నాను.

"మీ గురించి కాదండి, నాకే మొన్నటిదాకా జలుబు. తగ్గింది గానీ భయం పోలేదు" అంది. తర్వాత తనే చెప్పింది. "పురిటిలో మా మనవడికి నీళ్లు పోసి, ముక్కులో చేరిన నీళ్లు పోవాలని నోటితో ఊదేదాన్నండి. మా అమ్మా అలాగే ఊదేది. నాలుగో రోజుకి వాడికి ఊపిరందలేదు. వైరస్ అంట. ఐసీయూలో ఉన్నాడు. మా అమ్మాయి నన్నొక్క మాట అనలేదండి."

మార్టేరులో చంటిబిడ్డతో ఒకమ్మాయి ఎక్కి, మా ముందు సీట్లో కూర్చుంది. ఈవిడ వెంటనే లేచి, బస్సు చివరికి పోయి నిలబడింది. రావులపాలెంలో సీట్లు ఖాళీ అయినా ముందుకి రాలేదు.

ఐసీయూలో ఉన్న ఆవిడ మనవడు ఏమయ్యాడో నాకు తెలీదు.

నిన్న మా చెల్లెలి మనవరాలికి నీళ్లు పోశాక, అలవాటుకొద్దీ దాని ముక్కు మీదికి వంగాను. కాళ్ల మీంచి పిల్ల నా వంకే చూస్తోంది. మొహం పక్కకి తిప్పుకుని, తువ్వాలు తెమ్మన్నాను.