కుళ్ళాయప్ప సారు చెప్పని సగం పాఠం

కుళ్ళాయప్పను మొదట సారూ అని పిలిచింది మా శిక్షణ కేంద్రం కుర్రాళ్లు. ఆ పిలుపే ఆయన కొంప ముంచింది. ఆయనంటే నాకు ఇష్టం, అందుకే ఇంత కోపం.

శింగనమల దగ్గర సేద్యం. చదివింది మూడో తరగతి. డెబ్భై నాలుగులో చెరువు తూము దగ్గర రెండూళ్లవాళ్లు కట్టెలు ఎత్తితే, మధ్యలోకి పోయి కూర్చున్న మనిషి ఆయన. ఆయన పంచాయితీకి ఒక పద్ధతి ఉండేది. ఎవడు ఎక్కువ అరుస్తాడో వాడికి ముందు నీళ్ల చెంబు. తర్వాత పేరు పెట్టి పిలవడం, ఇంట్లోవాళ్ల మంచీచెడ్డా అడగడం, చెప్పేదంతా వినడం. కోపం దిగాక అందరినీ లేపి, గొడవ పుట్టిన చోటికి నడిపించేవాడు. అక్కడ తప్పు సరిచేసేదాకా ఒక్కణ్ణీ ఇంటికి పోనిచ్చేవాడు కాదు. ఆ రోజు తూము తలుపు బాగుచేసేసరికి పొద్దు వాలింది.

ఈ సంగతి విని, డెబ్భై తొమ్మిదిలో అనంతపురంలోని మా కేంద్రం ప్రిన్సిపాల్ ఆయన్ను పిలిపించాడు. మిల్లులకు మేనేజర్లు కాబోయే కుర్రాళ్లకు, తగాదాలు ఎలా చల్లార్చాలో, మనుషులతో ఎలా మెలగాలో నేర్పాలట. నేనక్కడ అటెండర్ని. గంట కొట్టేది నేనే.

పాఠం సగంలో ఉండగానే గంట అయ్యేది. రెండో సగానికి ఇంకో పీరియడ్ కావాలని కుళ్ళాయప్ప అడిగాడు.

"తప్పు సరిచేసేది యజమానుల పని. మా పిల్లలకు మొదటి సగం చాలు," అన్నాడు ప్రిన్సిపాల్.

"సగం చెప్తే ఏమార్చేది నేర్పినట్లయితాది గదన్నా," అన్నాను కుళ్ళాయప్పతో, బయటికి వచ్చాక.

"పోనీలే ఎర్రప్పా, సగమన్నా నేర్చుకుంటారు," అన్నాడు. చొక్కాకు అంటిన సుద్దపొడి దులుపుకోకుండా బస్సెక్కేవాడు, ఊళ్లోవాళ్లకు కనబడాలని. ఏడేళ్లు అలాగే గడిచాయి.

ఎనభై ఆరులో ఆయన భార్య హనుమక్క చెయ్యి, కూలికి పోయే మిల్లులో శనక్కాయలు ఒలిచే మిషన్లో పడింది. మూడు వేళ్లు పోయాయి. కట్టు విప్పకముందే పనిలోంచి తీసేశారు. వానల్లేక చేను బీడు పడి ఉంది. ఇల్లు ఆమె కూలి మీదే నడుస్తోంది. ఒంటి చేత్తోనైనా గింజలు ఏరుతానని ఆమె ఏడ్చింది. ఆ మాట అడగడానికి కుళ్ళాయప్ప మిల్లుకు బయల్దేరితే, ఒక పూట సెలవు పెట్టి నేనూ పోయాను.

మేనేజరు ఓబుళేసు మా కేంద్రంలో చదివినవాడే. లేచి ఎదురొచ్చాడు. తన చేత్తో నీళ్లిచ్చాడు. "కూర్చో కుళ్ళాయప్ప సారూ. హనుమక్క అన్నం తింటాందా? నిద్ర పడతాందా?" అని అడిగాడు. అరగంట సేపు మారుమాట లేకుండా విన్నాడు. కళ్లల్లో నీళ్లు కూడా తెచ్చుకున్నాడు దొంగనాయాలు. గేటు దాకా వచ్చి సాగనంపాడు.

"మంచి పిల్లోడప్పా. నేను చెప్పింది ఒక్కటీ మర్చిపోలేదు," అన్నాడు కుళ్ళాయప్ప రోడ్డు మీదికి వచ్చి.

"అదంతా సరే. అక్కకు పని ఇస్తానన్నాడా?"

ఆయన నిలబడిపోయాడు. "మిషను కాడికి పోదాం రాప్పా అని నేనన్నా అనల్యా ఎర్రప్పా," అన్నాడు.

మధ్యాహ్నం ఆయన క్లాసు. సుద్దముక్క ముట్టుకోలేదు. "ఈ పొద్దు రెండో సగం. లేయండి, మిల్లు కాడికి పోదాం," అన్నాడు. ఒక్కడూ లేవలేదు. టైం అయినా నేను గంట కొట్టలేదు. ప్రిన్సిపాలే వచ్చి, ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఎర్రప్పా, సారుకు నీళ్లు తీసుకురా," అన్నాడు.

తెచ్చాను. నా బుద్ధికి తెగులు, తెచ్చాను. ఆయన ఆ గ్లాసు ముట్టుకోలేదు.

సాయంత్రం నేనూ ఆయన వెంట పోయాను. ఇల్లు చేరేసరికి హనుమక్క కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుని ఉంది.

"ఏమిచ్చినారు?" అని అడిగింది.

"నీళ్లిచ్చినారు," అన్నాడు కుళ్ళాయప్ప.