టెలిఫోనత్త పెట్టిన వాకిలి

మా టెలిఫోనత్త పోయింది. పులివెందుల బస్టాండులో మూఢనమ్మకాల మీద రాసిన చిన్న పుస్తకాలు పంచుతూ, ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకన్న ఒక పెద్దమనిషితో నేను గొంతు చించుకుంటున్నప్పుడు అమ్మ ఫోన్ చేసింది. "అత్త పోయింది మే. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లిచ్చి, కుర్చీలో కూచునింది. అంతే" అంది. ఆ పెద్దమనిషి ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. ఒక వాదాన్ని సగంలో వదిలేసి బస్సెక్కడం నా బతుకులో అదే మొదటిసారి.

ఆమె మాకు చుట్టం కాదు. మాది ప్రొద్దుటూరులో బట్టల అంగడి నడిపే ఇల్లు. మా గోడ పక్క ఇల్లు ఆమెది. జమ్మలమడుగు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో లైన్లు కలిపే ఆపరేటరుగా చేరి, మిషన్లు బాగుచేసే పనిలోకి మారి, రిటైరయ్యేదాకా తీగల మధ్యే బతికింది. అందుకే వీధంతటికీ టెలిఫోనత్త. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "బోర్డు ముందు కూచున్నదాన్ని లేపి అడిగినోడు ఎవడూ లేడప్పా" అని నవ్వేసేది.

ఎదుటి మనిషి మాట్లాడుతుంటే అడ్డు వచ్చేది కాదు. వాళ్ళు ముగించాక కూడా ఒక క్షణం ఆగి, అప్పుడు నోరు విప్పేది. నాతో ఇది కుదిరే పనేనా? ఆమె మొదటి మాట అనేలోపు నేను నాలుగు మాటలు అనేసేదాన్ని. "ఇద్దరం ఒకేసారి మాట్లాడితే ఇద్దరిదీ చేరదు మే. నువ్వు కానీ, నేనుంటా" అనేది. నిజంగానే ఉండేది. నా ఉపన్యాసం అయ్యేదాకా చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చునేది.

నేను తెచ్చే పుస్తకాలన్నీ ఆమె చదివింది. ఈ మాట గర్వంగా చెబుతాను. మా ఇంట్లో అవి కట్టలు కట్టి మంచం కింద తోసేవాళ్ళు. ఆమె మాత్రం అమ్మవారికి దీపం పెట్టి వచ్చి, దేవుడు లేడని రాసిన పుస్తకం తెరిచేది. చివరి పేజీ దాకా చదివి, కళ్ళద్దాలు తీసి అడిగేది: "రాసినాయనకు కోపమొచ్చింది, సరే. రేపు పొద్దున లేచి ఏం చేయాల్నో యాడ రాసినాడు?" దానికి నేను ఇంకో పుస్తకం తెచ్చేదాన్ని.

రేపు పొద్దున లేచి ఏం చేయాలో ఆమెకు తెలుసు. ముందు గదిలో పాత కంప్యూటర్లు పెట్టి, ఆడపిల్లలు వచ్చి చదువుకోవచ్చని చెప్పింది. పల్లెల నుంచి వచ్చి బంధువుల ఇళ్ళలో ఉంటున్న పిల్లలు కూడా వచ్చారు. వెనకే తండ్రుల భయాలు వచ్చాయి. దువ్వూరు వైపు ఒక పిల్ల ఫోటోను ఎవడో నెట్టులోంచి తీసి, చెడగొట్టి, ఊరందరి ఫోన్లకూ పంపాడు. వాడి చదువు ఆగలేదు. ఆ పిల్ల చదువు ఆగింది.

అప్పుడు అత్త ఇంకో పాత కంప్యూటరును బయటి లైనుకూ పిల్లల కంప్యూటర్లకూ మధ్యలో పెట్టింది. తెలిసినవాళ్ళు దాన్ని ఫైర్‌వాల్ అంటారు. మేము వాకిలి అనేవాళ్ళం. దానికి రెండు నెట్‌వర్క్ కార్డులు, అంటే రెండు చెవులనుకోండి. ఒక చెవి బయటి లైనుకు, రెండోది లోపలి తీగకు. బయటి నుంచి ఏది రావాలన్నా దాన్ని దాటే రావాలి. ఆమె తండ్రులందరినీ పిలిచి చెప్పింది: "వాకిలి దాటకుండా ఈ ఇంట్లో ఒక్క తీగ కూడా పిల్లల తావకు పోదు. ఇది నా మాట."

నాకు ఒళ్ళు మండింది. "ఎందుకత్తా ఈ గోడ? చెడగొట్టేటోళ్ళు బయట తిరుగుతాండారు. దీన్ని తీసుకపోయి వాళ్ళ ఇండ్లల్లో పెట్టు!" అన్నాను.

ఆమె ఆగింది. "వాళ్ళు ఒప్పుకుంటే నువ్వే పోయి పెట్టు. అందాకా ఈడుండనీ" అంది.

ఆ తర్వాత ఒక ఆదివారం పిల్లలందరినీ గండికోటకు తీసుకెళ్ళింది. అందరం పెన్న లోయ చూడటానికి పరుగెత్తాం. ఆమె కోట వాకిలి దగ్గరే నిలబడిపోయింది. నేను వెనక్కి వెళ్తే, "గోడ ఎవరైనా కడతారు మే. వాకిలి యాడ పెట్టాల, ఎవరికి తీయాల, అదీ పని. తాళం లోపలోళ్ళ చేతిలో ఉంటే కోట. బయటోళ్ళ చేతిలో ఉంటే జైలు" అంది. మా వాకిలి పాస్‌వర్డు పిల్లలందరికీ తెలుసు. దేన్ని రానివ్వాలి, దేన్ని ఆపాలి అన్నది వాళ్ళే కూర్చుని, పోట్లాడుకుని నిర్ణయించేవారు. నాకు జవాబు అక్కడే దొరికింది. ఒప్పుకున్నానని మాత్రం ఆమెకు చెప్పలేదు.

ఇప్పుడు ఒక దసరా సంగతి చెప్పాలి. ఆమెను తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే.

ప్రొద్దుటూరులో దసరా అంటే ఎంత సందడో చెప్పనక్కరలేదు. ఆయుధ పూజ నాడు మా అంగట్లో మీటరు బద్దకూ కత్తెరకూ బొట్లు పెడతాం. అత్త వాకిలి కంప్యూటరుకు పూజ చేసేది. అందరిలా పైన డబ్బాకు కాదు. "పని చేసేది లోపలిది. బొట్టు డబ్బాకు పెడితే ఎట్ల?" అని మూత తీయించి, లోపలి లైను కార్డును బయటికి తీసి, దుమ్ము తుడిచి, దానికి గంధం, కుంకుమ పెట్టి మళ్ళీ గాడిలో కూర్చేది. ఆ ఏడాది తన చూపు మసకగా ఉందని ఆ పని తొండూరు నుంచి వచ్చిన ఒక పిల్లకు అప్పగించింది. ఆ పిల్లది గొర్రెలు మేపే కుటుంబం. మా వీధిలో వాళ్ళ అవ్వ దగ్గర ఉండి ఇంటరు చదివింది. పూజ కాగానే పిల్ల పండక్కి ఊరికి పోయింది. పండగ రోజుల్లో కంప్యూటరుకు సెలవు.

దశమి మరునాడు పొద్దున్నే వాళ్ళ నాయన ఆ పిల్లను బండి మీద తెచ్చి దించాడు. మధ్యాహ్నం ఆమెకు పరీక్ష. ఒక నర్సింగు కాలేజీలో ఫీజు లేని సీటుకు, కంప్యూటరు ముందు కూర్చుని, కెమెరా పెట్టుకుని రాయాలి. ఫోనులో కుదరదు. సీటు వస్తే నర్సు. రాకపోతే చదివించే స్తోమత లేదని, మందతో పోవాల్సిందేనని నాయన ముందే చెప్పేశాడు. పరీక్ష అయ్యేదాకా ఉండి పోదామని ఆయన గుమ్మం పక్కన కూర్చున్నాడు.

వాకిలి ఆన్ చేశాం. లోపలి కంప్యూటర్లలో నెట్టు రాలేదు.

అత్త తీగ మార్చి చూసింది. రాలేదు. వాకిలి తెర ముందుకు వెళ్ళింది. రోజూ రెండు కార్డుల పేర్లు కనిపించే చోట ఒకటే ఉంది. లోపలి లైను కార్డు అసలు లేనట్టే చూపిస్తోంది.

"లోపలి ప్రోగ్రామంతా తుడిపేసి మళ్ళీ ఎక్కిద్దాం అత్తా" అన్నాను.

"పిలిస్తే పలకనోడికి పాఠం చెప్పి ఏం లాభం? పేరే రాలేదంటే తప్పు పాఠంలో లేదు. కార్డులో ఉండాది, లేదంటే అది కూచున్న గాడిలో ఉండాది. ఆపి, కరెంటు తీగ పీకు. మూత తీద్దాం."

నాకు ఓపిక ఎక్కడిది? "అంతసేపెందుకు? నా ఫోను నుంచి ఈ పిల్ల కంప్యూటరుకు నెట్టు ఇస్తా. ఈ ఒక్కపూటకు వాకిలి లేకపోతే ఏమయితాది?"

అత్త నన్ను తిట్టలేదు. "ఆయప్ప ఈడనే కూచోనుండాడు. మాట ఇచ్చింది ఆయనకు. ఆయన్ని అడుగు" అంది.

అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "వాకిలి లేకుండానా? వద్దు పాపా. పరీక్ష పోతే పోనీ. దువ్వూరు పిల్ల మా మేనకోడలే."

మాకెవరికీ ఆ సంగతి తెలియదు. ఫోను పక్కన పెట్టి కరెంటు తీగ పీకాను.

ఒంట్లో ఉండే కాస్త కరెంటు కార్డుకు తగలకుండా అత్త ముందు కంప్యూటరు ఇనుప డబ్బాను ముట్టుకుని, తర్వాత కార్డు బయటికి తీసింది. గాడిలోకి దిగే అంచున బంగారు రంగు గీతలు వరసగా ఉంటాయి. వాటి మీదుగా పసుప్పచ్చగా ఎండిపోయిన గంధం, మధ్యలో కుంకుమ. తొండూరు పిల్ల వంగి కార్డును చూసింది. "బంగారం లెక్క మెరుస్తాండె. ఆడ పెడితే మంచిదనుకున్యా" అంది. బంగారం అంగళ్ళకు పేరుపడ్డ ప్రొద్దుటూరులో రెండేళ్ళు ఉన్న పిల్ల. బంగారం కనిపిస్తే బొట్టు ఇంకెక్కడ పెడుతుంది?

వాళ్ళ నాయన లేచి నిలబడ్డాడు. అరవలేదు. మెల్లగా అన్నాడు: "అమ్మవారి బొట్టే అడ్డం పడినాది. ఆయమ్మే వద్దంటాందేమో అక్కా. పోదాం పా పాపా."

నేను లేచాను. మూఢనమ్మకాల మీద చదివినదంతా నా గొంతులోకి వచ్చింది. "ఏంది అప్పా, గంధం అంటుకుంటే..." అని మొదలు పెట్టానో లేదో, అత్త నా చెయ్యి పట్టుకుని "రవ్వంత గమ్మునుండు మే" అంది. ఆయన ముగించాడని నిశ్చయం చేసుకున్నట్టు ఒక క్షణం ఆగింది.

"అప్పా, బొట్టు పెట్టమనింది నేను. యాడ పెట్టాల్నో చెప్పనిది నేను. తప్పు నాది, బిడ్డది కాదు, అమ్మవారిది అసలే కాదు. కంట్లో కుంకం పడితే మండుతాది గదా. అంటే ఆయమ్మ మనల్ని లోకం చూడొద్దనిందా? కడుక్కోమనింది, అంతే."

అంటూ పెన్సిలు రాత చెరిపే రబ్బరు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "నువ్వే తుడువప్పా. గట్టిగా గీకొద్దు. గొర్రెపిల్ల మూతి తుడిచినట్ల."

ఆయన నిలబడే ఉన్నాడు. కూతురి వైపు చూశాడు. తర్వాత కింద కూర్చుని, కార్డును రెండు వేళ్ళతో పట్టుకుని తుడవడం మొదలుపెట్టాడు. ఆయన అంత మెత్తగా పని చేయగలడని ఆ చేతులు చూస్తే ఎవరూ అనుకోరు. గీతలు ఒక్కొక్కటే మెరిశాయి.

కార్డు గాడిలో పెట్టి ఆన్ చేశాం. తెర మీద ఒకటే పేరు.

తొండూరు పిల్ల గడియారం వైపు చూసింది. అత్త మూత మీద వేళ్ళతో తట్టుతూ ఆలోచించి, "మనం కాలు కడిగినాం, చెప్పు దులపలే. గాడిలో కూడా రాలుంటాది. పక్క గాడి ఖాళీగా ఉండాది, దాంట్లో పెట్టు" అంది. కరెంటు తీసి, కార్డును పక్క గాడిలో కూర్చి, మళ్ళీ ఆన్ చేశాం.

రెండు పేర్లు.

కార్డు కొత్త చోటికి మారింది కాబట్టి, లోపలి లైను ఇదేనని వాకిలికి మళ్ళీ చెప్పాలి. ఆ పని అత్త తొండూరు పిల్ల చేతనే చేయించింది. కార్డు పక్కన పచ్చ దీపం మినుకుమనగానే వాళ్ళ నాయన, "పలికిందా అక్కా?" అని అడిగాడు.

"నువ్వు కడిగితే పలక్కుండా యాడికి పోతాది" అంది అత్త.

ఆ పిల్ల పరీక్ష రాసింది. సీటు వచ్చింది. ఇప్పుడు కడపలో నర్సింగు చదువుతోంది.

ఆ పరీక్షంటే నాకు ఎంత గర్వమో, ఆ తర్వాత అత్త చేసిన పనంటే అంతకన్నా గర్వం. ఈ సంగతి దాచుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆమె వీధిలో ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పింది. మా అంగట్లో కూర్చుని, కొనడానికి వచ్చినవాళ్ళకు కూడా చెప్పింది. "బొట్టు మూతకు పెట్టండమ్మా. లోపల పెట్టి నేను ఒక బిడ్డ చదువు ఆపబోయినా" అని. పూజ మానలేదు. బొట్టు చోటు మార్చింది. నేను చదివిన పుస్తకాల్లో పూజ మానేసినవాళ్ళున్నారు, మానకుండా పోట్లాడినవాళ్ళున్నారు. నమ్మకం ఉంచుకుని, తన తప్పు తన నోటితో అంగడి మధ్యలో చెప్పిన మనిషి మాత్రం ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు. అలాంటి మనిషి ఉందని నేను రాస్తున్నాను. ఎవరైనా కాదంటే రండి, పోట్లాడుకుందాం.

కర్మ అయిన మరునాడు అత్త తమ్ముడు గది తాళం నా చేతికిచ్చి జమ్మలమడుగు వెళ్ళిపోయాడు. గది ఇక మూసేస్తారని వీధిలో అనుకుంటున్నారు. నాకు కార్డు మార్చడం వచ్చు, వాకిలి నడపడం వచ్చు. పదిమంది తండ్రులకు మాట ఇవ్వడం మాత్రం ఎప్పుడూ చేయలేదు. వాళ్ళు పిల్లలను పంపకపోతే అత్త కట్టినదంతా పాత ఇనుమే. తలుపు తెరిచి, అన్నీ ఆన్ చేసి కూర్చున్నాను. చాలాసేపు ఎవరూ రాలేదు.

తర్వాత వీధి చివర బండి చప్పుడైంది. తొండూరాయన. వెనక ఆయన రెండో కూతురు, ఒళ్ళో పుస్తకాల సంచి. ఆయన దిగి, గుమ్మం దగ్గర ఆగాడు.

"ఈ వాకిలికి ఇప్పుడు జవాబుదారు ఎవరు పాపా?"

"నేనే అప్పా."

ఆయన నన్ను పైకీ కిందికీ చూశాడు. "నీకు కోపం శానా. కోపమొచ్చిన పొద్దు వాకిలి పీకేస్తావా?"

ఏదో అనబోయి ఆగాను. ఆయన ఇంకేమైనా అంటాడేమోనని చూశాను. అనలేదు.

"పీకాలనిపిస్తే ముందు నీ తావకొచ్చి అడుగుతా" అన్నాను.

ఆయన తల తిప్పి కూతురితో "లోపలికి పో" అన్నాడు. ఆ పిల్ల చెప్పులు విడిచి, కుర్చీ లాక్కుని, తెర మీద ఉన్నదాన్ని కూడబలుక్కుంటూ పైకి చదవడం మొదలుపెట్టింది. ఆయన బండి దగ్గరికి పోలేదు. కిటికీ కింద అరుగు మీద కూర్చుని, తలపాగా విప్పి చెమట తుడుచుకున్నాడు. లోపల పిల్ల ఒక్కో మాటా పలుకుతుంటే, బయట ఆయన పెదవులు కూడా మెల్లగా కదులుతున్నాయి.