టోపీ కింది నుదురు

లియాండ్రో చేతిలో పనితనం ఉంది, కాలికే నిలకడ లేదు. బొమ్మల కాలేజీ మధ్యలో వదిలేసి కాలిఫోర్నియాలోని సలీనాస్‌కి తిరిగొచ్చేశాడు. టైర్ల కొట్లకీ, టాకోలమ్మే తిండి బళ్లకీ బోర్డులు రాసుకుంటూ, ఈ ఊళ్లో బొమ్మంటే ఎవడికి తెలుసని విసుక్కునేవాడు. వాళ్ల నాన్న తోరిబియో లెట్యూస్ ఆకుకూర తోటల్లో కోత కోసి కొడుకుని చదివించాడు. చదువు మానేసినందుకు తిట్టలేదు. ఆ బోర్డుల వంక మాత్రం ఎన్నడూ కన్నెత్తి చూడలేదు.

ఆ వేసవిలో కూలీల నాయకుడు క్రెసెన్సియో పోయాడు. కూలీల నడుములు విరిచిన పొట్టి పిడి పారను మాన్పించిందీ, చేలో మంచినీళ్లు పెట్టించిందీ, కూలివాళ్లకి చోటివ్వని హోటళ్లలో మొండికేసి కూర్చున్నదీ ఆయనే. ఆదివారం సంస్మరణ సభ. నిలువెత్తు రంగుల బొమ్మ గీసివ్వమని యూనియన్ హాలు వాళ్లు లియాండ్రోని అడిగారు. ఇది కుదిరితే నాన్న నోట ఒక్కసారైనా "బాగుందిరా" అనిపించుకోవచ్చని వాడి ఆశ.

ఇచ్చిన ఫొటోలో క్రెసెన్సియో టోపీ తీసి మాట్లాడుతున్నాడు. కనుబొమల దాకా ముఖం ఎండకి మాడిపోయింది. ఆ పైన, ఎప్పుడూ టోపీ కింద దాగుండే నుదురు తెల్లగా పాలిపోయింది. మధ్యలో కత్తితో కోసినట్టు గీత. లియాండ్రోకి అది ఎబ్బెట్టుగా తోచింది. నుదుటికి రంగు పూసి, ముఖమంతా ఒకే చాయ చేశాడు.

శనివారం సాయంత్రం కోత ముగించుకుని మనుషులు చూడ్డానికొచ్చారు. చనిపోయినవాడి బొమ్మ కదా, గుమ్మంలోనే టోపీలు తీశారు. తోరిబియో కూడా తీసి గుండెకి ఆనించుకున్నాడు.

ఆయన జోడీ కోతగాడు నాబోర్ తల పక్కకి వంచి చూశాడు. "ఒరే లియాండ్రో, ఎవర్రా ఈ దొరబాబు? అప్పిచ్చే బ్యాంకాయనా?"

అందరూ నవ్వారు. క్రెసెన్సియో భార్య ఎల్విరా నవ్వలేదు. బొమ్మ దగ్గరికెళ్లి నుదుటి మీద వేలు పెట్టింది.

"ఇక్కడ గీత ఉండాలి కదా నాయనా?"

"ఫొటోలో ఉందమ్మా, నేనే తీసేశాను. ముఖం రెండు ముక్కలు అతికించినట్టు వికారంగా ఉంది. పెద్దమనిషి బొమ్మ, కాస్త మర్యాదగా ఉండొద్దూ?"

"ఆ గీత చూసే కదా కూలోడని హోటళ్లలోంచి గెంటేవాళ్లు," అందామె. "అందుకే ఆయన ముందుగా టోపీ తీసి, అప్పుడు కూర్చునేవాడు. చూడండ్రా, కూలోణ్ణే, అని."

లియాండ్రో వెనక్కి తిరిగాడు. హాలు నిండా టోపీలు తీసిన తలలు. నల్లటి ముఖాలు, తెల్లటి నుదుళ్లు, అందరికీ అదే గీత. ఎవరూ నవ్వడం లేదు. ఆ వరస చివర తోరిబియో, ఎవరినీ చూడకుండా, టోపీ మెల్లగా తల మీద పెట్టుకున్నాడు. కళ్ల దాకా లాక్కున్నాడు.

 జనం పలచబడ్డాక లియాండ్రో తండ్రి దగ్గరికెళ్లాడు.

"నాన్నా, కాసేపు కూర్చుంటావా? నుదురు సరిచెయ్యాలి. చూసి వేస్తాను."

"నాబోర్‌ని కూర్చోబెట్టుకో. వాడి ముఖం బాగా కుదురుతుంది."

"నీదైతే..."

"నాదెందుకులేరా." అంతే, కోపంగా కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

నాబోర్ కుర్చీలో కూర్చుని, "ముక్కు కాస్త చిన్నది చెయ్యరా, పెళ్లి సంబంధాలొస్తాయి," అని నవ్వించబోయాడు. లియాండ్రో తలెత్తలేదు. తను పూసిన రంగంతా గీకేసి, గీత మళ్లీ పెట్టాడు. అన్నాళ్లూ తిండి పెట్టిన మనిషి నుదుటి మీద ఆ గీత ఏ ఎత్తున ఉంటుందో గుర్తు తెచ్చుకోబోయాడు. రాలేదు.

ఆదివారం సభలో ఎల్విరా బొమ్మ మీది ముసుగు లాగింది. టోపీలన్నీ ఒక్కసారే దిగాయి. తోరిబియో టోపీ కూడా దిగింది. ఆయన చాలాసేపు బొమ్మకేసి చూశాడు.

లియాండ్రో జనాన్ని తోసుకుంటూ వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"ఇప్పుడు మన క్రెసెన్సియోనే," అన్నాడు తండ్రి. కొడుకు చూపు తన నుదుటి మీద పడటం గమనించి టోపీ పెట్టేసుకున్నాడు.

"ఎండగా ఉందిరా," అన్నాడు.

వాళ్లింకా హాలు లోపలే ఉన్నారు.