చంటిబిడ్డ నీళ్లలో కడిగిన రీలు

మోకాళ్ల నొప్పులు పడలేక నాయన గొర్రెల మందను అమ్మేశాడు. ఆఖరిసారి మేతకు తోలిన రోజున నేను కెమెరా పట్టుకుని వెంటపడ్డాను. అందులో ఉన్నది స్లైడ్ ఫిల్మ్, ముప్పై ఆరు బొమ్మలు. మామూలు రీలయితే తప్పులు ప్రింటులో సర్దుకోవచ్చు. స్లైడ్‌లో అసలు రంగులు రీలు మీదే పడతాయి, వెలుతురు కాస్త అటూ ఇటూ అయితే బొమ్మ పోయినట్టే. ఆ భయమే నాకు హుషారు. "ఫోన్లో గూడా రెండు తీయి పాపా" అని అమ్మ చెప్పినా, పంతానికి పోయి ఒక్కటీ తీయలేదు.

మంద వెళ్లిపోయింది. స్లైడ్ రీలు కడిగేవాళ్లు ఈ రోజుల్లో మా రాచర్లలో కాదు కదా, గిద్దలూరులో, మార్కాపురంలో కూడా లేరు. మందులు తెప్పించుకుని నేనే కడగాలి. వాటిని ముప్పై ఎనిమిది డిగ్రీల నీళ్లలో ఉంచాలి. ఊరంతా తిట్టుకునే ఎండకు మా మిద్దె మీది ట్యాంకు నీళ్లు ఇంచుమించు ఆ వేడితోనే వస్తాయి. నా అదృష్టానికి నేనే మురిసిపోతూ బకెట్ నింపాను. ఆ సంబరంలోనే థర్మామీటరు చేజారి బండల మీద పడి పగిలింది.

ఏడుపొచ్చింది. మందులు అప్పటికే కలిపేశాను, అవి నిలవుండవు.

"ఏంది, అట్ల కూలబడినావు?" అంటూ అమ్మ వచ్చింది. సంగతి చెప్పాను.

"ఎంత వేడి కావాల?"

"ఒంటి వేడి కంటే రవ్వంత ఎక్కువ."

"చంటిబిడ్డకు పోసే నీళ్లే గదా. జరుగు."

మా వీధిలో పుట్టిన బిడ్డలందరికీ నీళ్లు పోసింది మా అమ్మే. బకెట్‌లో మోచెయ్యి ముంచి, కుండలోంచి రెండు చెంబులు చన్నీళ్లు కలిపి, మళ్లీ ముంచి చూసింది. "ఇంక పెట్టుకో" అంది. మందు సీసాలు, రీలు డబ్బా అందులో పెట్టాను.

అంతా అయ్యాక డబ్బా మూత తీశాను. రీలు లాగి కిటికీ వైపు ఎత్తాను. వచ్చాయి, అన్నీ వచ్చాయి. ఎర్రమట్టి, దూరంగా నీలంగా నల్లమల, గొర్రెల వీపుల మీద దుమ్ము కూడా. ఆనందం పట్టలేక గంతులేస్తూ నాయనను పిలిచాను.

నాయన కళ్లు చికిలించి చాలాసేపు చూశాడు. "కుంటిది మళ్లా వెనకబడింది" అంటూ, దాన్ని ముందుకు తోలడానికన్నట్టు, తడి రీలు మీద బొటనవేలు పెట్టి నెట్టాడు.

తడి రీలును ముట్టుకోకూడదు. ఇంకెవరైనా అయితే ఇల్లు పీకి పందిరేసేదాన్ని. రీలును అలాగే ఆరేశాను. ఇప్పుడు ఆ స్లైడ్‌ను ప్రొజెక్టరుతో గోడ మీద వేసినప్పుడల్లా, కుంటి గొర్రె వెనక నాయన వేలిముద్ర గోడంతా పరుచుకుని కనిపిస్తుంది.